మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంట్లో ఎవరుంటారు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది విజయవాడ. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు బ్యాంకు ఉద్యోగి. మాకు తొమ్మిదేళ్ల పాప. అత్తగారు మాతోనే ఉంటారు. మా గేటు దగ్గర తిరిగే ఆడకుక్కను రెండు నెలల కిందట మా కళ్లెదుటే కారు గుద్దింది. వెన్నెముక విరిగి వెనక కాళ్లు రెండూ పడిపోయాయి. మలమూత్రాల మీద అదుపు లేదు. చూసిన డాక్టరు ఇక నడవదని, నిద్రపుచ్చడమే మేలని అన్నారు. మనసొప్పక ఊరి చివర షెల్టర్‌లో చేర్పించాము. వాళ్ల దగ్గర చోటు చాలక, మీరే తీసుకెళ్తారా అని ఇప్పుడు అడుగుతున్నారు. పాప రోజూ ఏడుస్తోంది. మావారు ‘పదేళ్లు ఎవరు చేస్తారు?’ అంటున్నారు. దేవుడి గది ఉన్న ఇంట్లో ఈ కంపు ఏమిటని అత్తగారి అభ్యంతరం. తెచ్చుకోవచ్చా? బతికించి దాన్ని బాధపెడుతున్నామా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో పాప ఏడుపు ఉంది, మీవారి అనుమానం ఉంది, అత్తగారి అభ్యంతరం ఉంది. మధ్యాహ్నం మాత్రం లేదు. మీరు స్కూలుకు, మీవారు బ్యాంకుకు, పాప బడికి వెళ్లాక ఆ ఇంట్లో మిగిలేది అత్తగారు ఒక్కరే. మీ కుక్క మూత్రం తనంతట తాను పోయలేదు. ఎవరో ఒకరు రోజుకు మూడు నాలుగు సార్లు దాని పొత్తికడుపు నొక్కి మూత్రాశయం ఖాళీ చేయాలి. ఆదివారం, సంక్రాంతి, మీ ఆడపడుచు ఇంట్లో పెళ్లి, మీకు జ్వరం, ఇవేవీ దానికి పట్టవు. మీవారు అన్న పదేళ్లు కూడా అతిశయోక్తి కాదు. రెండు మూడేళ్ల వయసున్న కుక్కయితే, బాగా చూసుకుంటే, అంతకాలం బతకవచ్చు. కాబట్టి మీరు అడిగిన రెండు ప్రశ్నల కన్నా ముందు తేల్చుకోవలసింది, మధ్యాహ్నం ఒంటిగంటకు దాని పొట్ట నొక్కేది ఎవరన్నదే.

‘ఎలాగూ కారుతూనే ఉంటుంది కదా, డైపర్ కడితే సరిపోదా?’ అని చాలామంది అడుగుతారు. ఆ కారేది నిండిన మూత్రాశయం నుంచి పొర్లి పడేది. లోపల నిల్వ ఉన్నది అలాగే ఉంటుంది. నిల్వ ఉన్న మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, అవి మూత్రపిండాల దాకా పాకుతాయి. కాళ్లు పడిపోయిన కుక్కలు చాలావరకు చనిపోయేది కాళ్ల వల్ల కాదు, ఈ ఇన్‌ఫెక్షన్ వల్ల, పడక పుండ్ల వల్ల. డైపర్ మీ నేలను కాపాడుతుందే కానీ కుక్కను కాపాడదు. పైగా తడిసిన డైపర్‌ను గంటల తరబడి ఉంచితే తొడల మధ్య చర్మం ఎర్రబడి ఊడిపోతుంది.

నొక్కడం ఎలాగో షెల్టర్‌లో చేసే మనిషి దగ్గర కూర్చుని, మీ చేతుల మీద వాళ్ల చేతులు పెట్టించుకుని నేర్చుకోండి. వీడియోలు చూసి వచ్చే విద్య కాదు. కుక్కను పక్కకు పడుకోబెట్టి గానీ, నడుము కింద ఆసరా ఇచ్చి నిలబెట్టి గానీ చేస్తారు. వెనక కాళ్లకు కొంచెం ముందు, పొట్టకు రెండు వైపులా అరచేతులు ఆనిస్తే లోపల నీళ్లు నింపిన బెలూన్ లాంటిది చేతికి తగులుతుంది. వేళ్ల కొసలతో పొడవకూడదు. వేళ్లు బల్లపరుపుగా ఉంచి, నెమ్మదిగా ఒత్తిడి పెంచుతూ, తోక వైపుకు నొక్కాలి. ధార మొదలయ్యాక ఒత్తిడి వదలకుండా అది ఆగిపోయేదాకా పట్టి ఉంచాలి. కొత్తలో పావుగంట పడుతుంది, కుక్క విసుక్కుంటుంది, మీకు నడుము లాగుతుంది. చెయ్యి తిరిగాక రెండు మూడు నిమిషాల పని.

దెబ్బ వెన్నులో ఎక్కడ తగిలిందన్న దాన్ని బట్టి మూత్రాశయం రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. నడుము కింది భాగంలో దెబ్బ తగిలితే సంచి వదులుగా ఉండి, తాకితే చాలు కారిపోతుంది. అంతకు పైన తగిలితే గట్టిగా బిగుసుకుని, ఎంత నొక్కినా మొరాయిస్తుంది. మొదటి రకం ఇల్లంతా తడుపుతుంది కానీ నొక్కడం తేలిక. రెండో రకం ఇంటికి పొడిగా కనిపిస్తుంది కానీ కుక్కకు ప్రమాదం. బలవంతంగా నొక్కితే మూత్రాశయం పగలవచ్చు. బిగువు సడలించే మందులు ఉన్నాయి, డాక్టరు రాస్తారు. మీ కుక్కది ఏ రకమో షెల్టర్‌ వాళ్లకు ఈ పాటికి తెలిసి ఉంటుంది. వాళ్లను మొదట అడగవలసింది ఇదే.

మూత్రం రంగు, వాసన రోజూ గమనించండి. మబ్బుగా మారినా, కుళ్లు వాసన వచ్చినా, ఎర్రగా ఉన్నా పరీక్షకు పంపాలి. మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకున్న యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి ఆపడం అన్నిటికన్నా చెడ్డ పని; ఆ తర్వాత ఏ మందూ పనిచేయని రోజు వస్తుంది. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలూ వేయకండి. మనుషుల ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క జీర్ణాశయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఇంకొక మాట. కుక్క మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు మనుషులకు రావచ్చు. నొక్కేవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. కుక్కకు ఏటా వేయించే టీకాలో లెప్టో భాగం ఉందో లేదో చూసుకోవాలి. పాపకు ఈ పని అప్పగించవద్దు. నీళ్ల గిన్నె నింపడం, దువ్వడం, ఆడించడం, ముందు కాళ్లకు బలం వచ్చేలా బిస్కెట్ చూపించి పాకించడం, ఇవన్నీ పాప చేయగలిగినవే.

ఇక అత్తగారు. దేవుడి గది మాటను చాదస్తం కింద కొట్టేయకండి. నేల ఎవరు తుడుస్తారని ఆమె అడుగుతున్నారు, అంతే. ఇంట్లో మిగిలేది తానే కాబట్టి ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికన్నా ఆమెకే ఎక్కువ. పాప ఏడుపుతో ఆమెను మెత్తబరచి కుక్కను తెస్తే, మీరు చేసిన దానానికి పుణ్యం మీకు, చాకిరీ ఆమెకు. వయసు మీద పడినవారు వంగి కుక్కను ఎత్తడం కూడా మంచిది కాదు. మీ స్కూలు దగ్గరలో ఉండి భోజన విరామంలో ఇంటికి రాగలిగితే సమస్య తీరినట్టే. లేదంటే జీతమిచ్చి మనిషిని పెట్టాలి. పశువుల ఆసుపత్రిలో పనిచేసే కాంపౌండర్, షెల్టర్‌లో పనిచేసే కుర్రాడు, మీ వాచ్‌మన్ కుటుంబంలో కుక్కలంటే భయంలేని మనిషి, ఇలా ఎవరినైనా వెతకండి. వాళ్లకు పని నేర్పించండి, రేబిస్ ముందస్తు టీకా మీ ఖర్చుతో వేయించండి, ఇచ్చే డబ్బు విషయంలో బేరమాడకండి. పొద్దున ఏడున్నరకు నొక్కి మళ్లీ సాయంత్రం ఐదుకు చూద్దామంటే మధ్యలో తొమ్మిదిన్నర గంటలు. ఎనిమిది దాటనివ్వకూడదు.

మలం సంగతి ఇంతకన్నా సులువు. రోజూ ఒకే వేళకు రెండు పూటలా తిండి పెడితే, ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది. మూత్రం నొక్కేటప్పుడే చాలాసార్లు అదీ వచ్చేస్తుంది, లేకపోతే తడి దూదితో ఆసనం దగ్గర తుడిస్తే కదులుతుంది. పాలు పోస్తే విరేచనం పలచబడి మీ చాకిరీ రెట్టింపవుతుంది. అన్నం, ఉడికించిన గుడ్డు లేదా చికెన్, కొంచెం గుమ్మడికాయ పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు కుక్కలకు పడవు. మీది శాకాహారపు వంటిల్లయితే ఆ గుడ్డు గొడవకు వేరే ఉత్తరం రాయండి. ఒళ్లు మాత్రం పెరగనివ్వకండి. మొత్తం బరువు లాగేది ఆ రెండు ముందు కాళ్లే, దాన్ని ఎత్తేది మీ నడుమే.

పడక గురించి. గచ్చు నేల మీద పాత దుప్పటి పరిస్తే పది రోజుల్లో తుంటి ఎముకల మీద వెంట్రుకలు రాలి, ఎర్రబడి, పుండు పడుతుంది. రెగ్జిన్ తొడుగు వేసిన మందపాటి ఫోమ్ పరుపు, దాని మీద ఉతకగలిగే పొడి గుడ్డ కావాలి. ఇంట్లో పాత నవారు మంచం ఉంటే కాళ్లు కోయించి నేలకు జానెడు ఎత్తులో పెట్టండి. తడి కిందికి జారిపోతుంది, గాలి తగులుతుంది. నవారు తీసి ఉతుక్కోవచ్చు కూడా. మూడు నాలుగు గంటలకొకసారి పక్క మార్చాలి. రోజూ పడుకోబోయే ముందు తుంటి, మడమలు, మోచేతులు, తొడల మధ్య మెత్తటి మడత, తోక కింద, అన్నీ చేత్తో తడిమి చూడండి. కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. టైల్స్ మీద ఈడ్చుకుంటూ తిరిగితే పాదాల పైభాగం ఒరుసుకుపోతుంది. జంపఖానాలు గానీ రబ్బరు చాపలు గానీ పరవండి. దర్జీ చేత నడుము దాకా వచ్చే జారుడు గుడ్డ సంచి కుట్టించి తొడిగితే, ఈడ్చుకుంటూ తిరిగినా చర్మం నిలుస్తుంది. కాళ్లలో స్పర్శ లేని కుక్కలు కొన్ని తమ వేళ్లను తామే కొరుక్కుని తినేస్తాయి. అలా నాకుతూ కనిపించిన రోజే మెడకు గరాటు లాంటి కాలర్ వేసి డాక్టరుకు చూపించాలి.

ఈగలను తక్కువ అంచనా వేయకండి. వానకాలంలో చిన్న పుండు మీద, మలం అంటిన తోక కింద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. స్పర్శ లేదు కాబట్టి కుక్క మూలగదు. వాసన వచ్చేసరికి లోతుగా తొలిచి ఉంటాయి. అందుకే వెనక భాగంలో వెంట్రుకలు కత్తిరించి ఉంచడం, శుభ్రంగా కడిగి తడి లేకుండా తుడవడం, పగలు దోమతెర కట్టడం. బాల్కనీలో పెడదామనుకుంటే అది ఏ దిక్కుదో చూడండి. మే నెల బెజవాడ ఎండలో ఈ కుక్క నీడలోకి జరగలేదు.

చక్రాల బండి గురించి మీరు అడగలేదు, కానీ పాప అడుగుతుంది. ఫోనులో కనిపించే వీడియోల్లో కుక్కలు చక్రాల మీద పరుగెత్తుతుంటాయి. పొట్ట నొక్కే దృశ్యం వాటిలో ఉండదు. బండి మంచిదే. కొన్ని వేల రూపాయలకు కొలతలిచ్చి చేయించుకోవచ్చు, పీవీసీ పైపులతో చేసేవాళ్లూ ఉన్నారు. నేల నుంచి గజ్జల దాకా ఎత్తు, తుంటి వెడల్పు, భుజం నుంచి తోక మొదలు దాకా పొడవు సరిగా కొలవాలి. మొదట్లో పది, పదిహేను నిమిషాలు చాలు. బండిలో ఉండగా కుక్క పడుకోలేదు కాబట్టి మనిషి పక్కన లేకుండా వదలకూడదు.

ఇప్పుడు మీరు అసలు అడిగినది. నిద్రపుచ్చమన్న డాక్టరు కఠినాత్ముడేమీ కాదు. ఆయన చూసింది లోతైన నొప్పి తెలుస్తోందా లేదా అని. కాలి వేలి ఎముకను పట్టకారుతో నొక్కుతారు. కుక్క కాలు వెనక్కి లాక్కుంటే ఇంటివాళ్లు సంబరపడతారు, కానీ అది లెక్కలోకి రాదు. మెదడుకు తెలియకుండా వెన్నుపాము చేసే పని అది. తల తిప్పి చూడాలి, అరవాలి, కరవబోవాలి. వెన్నెముక విరిగిన కుక్కలో ఆ స్పందన లేకపోతే, రెండు నెలల తర్వాత కూడా రాకపోతే, నడక తిరిగి వచ్చే ఆశ చాలా తక్కువ. కొన్ని కుక్కలు నెలల తర్వాత వెన్నుపాము ప్రతివర్తనల మీదే తడబడుతూ నాలుగు అడుగులు వేస్తాయి. అది అదృష్టం, పథకం వేసుకోవలసిన విషయం కాదు. రెండో అభిప్రాయం కావాలంటే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. ఎక్స్‌రేలు తీసుకుని వెళ్లండి. ఏదో తైలంతో మర్దన చేస్తే నెలలో పరుగెడుతుందని చెప్పేవాళ్లకు డబ్బు ఇవ్వకండి. రోజూ కాళ్లను మెల్లగా ముడిచి చాపే వ్యాయామం చేయించండి, కీళ్లు బిగుసుకోకుండా ఉంటాయి, అంతవరకే ఆశించండి.

నడవలేని కుక్క బాధలోనే ఉంటుందని అనుకోనవసరం లేదు. దెబ్బకు కింద స్పర్శ లేనిచోట నొప్పీ తెలియదు. తాను మునుపు పరుగెత్తేదాన్నని కుక్క కుంగిపోయినట్టు నేను ఎక్కడా చూడలేదు; తిండి గిన్నె చప్పుడుకు ముందు కాళ్ల మీద లేచి కూర్చునేవే ఎక్కువ. ఇది తోక ఊపలేదు కాబట్టి చెవులు చూడండి. మీ గొంతు వినగానే చెవులు వెనక్కి వాల్చి, ముందు కాళ్లతో మీ వైపు ఈడ్చుకుంటూ వస్తోందా? తిండి మిగలకుండా తింటోందా? కొత్తవాళ్లు వస్తే మొరుగుతోందా? అయితే దానికి బతకాలని ఉంది. తిండి మానేసినా, పుండ్లు ఎన్నాళ్లకూ మానకపోయినా, మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్ తగ్గిన వెంటనే తిరగబెడుతున్నా, ముందు కాళ్లు కూడా బలం కోల్పోతున్నా, అప్పుడు డాక్టరు మాట మళ్లీ వినాలి. ఆ రోజు వస్తే సూదిమందుతో నిద్రపుచ్చడంలో ద్రోహమేమీ లేదు. వారానికి రెండు రోజులు నొక్కడం మరిచిపోయే ఇంట్లో ఏళ్ల తరబడి ఉంచడం అంతకన్నా క్రూరం.

ఇది చదివే మిగతావారికి ఒక హెచ్చరిక. ఈ కుక్కను కారు గుద్దడం వీళ్లు చూశారు కాబట్టి సరిపోయింది. ప్రమాదం జరిగినట్టు ఎవరూ చూడని వీధికుక్క ఉన్నట్టుండి కాళ్లు ఈడుస్తూ, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ కనిపిస్తే ఎముక ఇరుక్కుందని నోట్లో చేయి పెట్టకండి. రేబిస్ అన్నిసార్లూ పిచ్చిగా కరిచే రూపంలోనే రాదు, పక్షవాతంలా కూడా వస్తుంది. కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి.

అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు అభ్యంతరం పెట్టవచ్చు. కుక్కలను పెంచుకోవద్దని, లిఫ్టు వాడవద్దని నివాసుల సంఘాలు ఆంక్షలు పెట్టకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. అయితే చట్టం మీ పక్షాన ఉన్నా వాసన వాళ్ల పక్షాన ఉంటుంది. పక్కింటివారికి కంపు రాకుండా చూసుకుంటే ఆ కాగితం బయటికి తీయవలసిన అవసరం రాదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మధ్యాహ్నానికి మనిషి కుదిరితే తెచ్చుకోండి, అదీ దత్తతగా కాకుండా మొదట ఒక నెల ఆశ్రయంగా. ఆ నెలలో రాత్రి పడుకోబోయే ముందు నొక్కే వంతు మీవారిదే కావాలి. ‘ఎవరు చేస్తారు?’ అన్నవారికి జవాబు చేతికి తెలియాలి. మనిషి కుదరకపోతే దీన్ని తేకండి. దాని ఖర్చులో కొంత నెలనెలా షెల్టర్‌కు కట్టండి, పాపను ఆదివారాలు తీసుకెళ్లండి. ఇంటికి కుక్కే కావాలనుకుంటే అదే షెల్టర్‌లో ఎవరూ అడగని మూడు కాళ్ల కుక్కలు, గుడ్డి కుక్కలు ఉంటాయి. కుక్క శరీర బరువులో ఎక్కువ భాగం ముందు కాళ్ల మీదే ఉంటుంది కాబట్టి వెనక కాలు ఒకటి తీసేసిన కుక్క కొద్ది వారాల్లోనే మామూలుగా తిరుగుతుంది. నేల జారకుండా, ఒళ్లు పెరగకుండా చూస్తే చాలు. గుడ్డి కుక్క వాసనతో, జ్ఞాపకంతో ఇల్లంతా తెలుసుకుంటుంది. మీరు సోఫా జరపకుండా ఉంటే, తాకే ముందు పేరు పెట్టి పిలిస్తే, మెట్ల దగ్గర అడ్డు పెడితే దానికి కొరత ఉండదు. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు నుంచి బయటపడి తల గానీ కాలు గానీ అదురుతూ ఉండే కుక్కలూ ఉంటాయి. చూసేవాళ్లకు భయం వేస్తుంది కానీ వాటిలో చాలావరకు ఆ అదురుతోనే హాయిగా బతుకుతాయి. ఇవన్నీ తొమ్మిది నుంచి ఐదు దాకా ఉద్యోగాలున్న ఇంటికి, మధ్యాహ్నం నిద్రపోయే అత్తగారికి సరిపోయే కుక్కలు.

షెల్టర్‌కు వెళ్లినప్పుడు ఎక్స్‌రేలు, టీకాల కార్డు, చివరి మూత్ర పరీక్ష ఫలితం అడగండి. చెవి కొస కత్తిరించి ఉందో లేదో చూడండి; ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు, లేకపోతే అది ముందు చేయించాలి. ఇప్పుడు రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళల్లో నొక్కుతున్నారో రాసుకోండి, ఇంట్లో మొదటి వారం అవే వేళలు పాటించండి. నెల తర్వాత మీవల్ల కాకపోతే తిరిగి తీసుకుంటారా అని అడిగి, తీసుకుంటామన్న మాట కాగితం మీద రాయించుకోండి.